నాలుగు, పది

మా భాషలో నాలుగుకీ పదికీ
తేడా అంతా నాలుక మడతలోనే ఉంది.
సాఫీగా అంటే నాలుగు,
కొస వెనక్కి మడిచి అంటే పది.
తుంగ్‌కాంగ్ రేవులో ఇరవయ్యారేళ్లు
ట్యూనా చేపల వేలంపాట పాడాను.
ఒక్క మడత తప్పిందా
ఎవడి పడవో ఒడ్డునే మునిగినట్టు.

తెల్లారగట్ల మూడింటికి లేచేవాణ్ని.
నిద్ర ఆగడానికి బుగ్గన పచ్చివక్క,
సున్నం రాసి ఆకు చుట్టినది.
చుట్టి ఇచ్చింది పరాయివాళ్లు కాదు,
రోడ్డు పక్క అద్దాల కొట్లో మా ఆవిడ, బి-యున్.
రోజుకెన్ని అని డాక్టరు అడిగాడు.
నేను లెక్కల మనిషిని, ఠక్కున చెప్పాను.
ఆవిడ గోడకేసి తిరిగింది.

పదకొండు గంటలు కోశారు.
సగం నాలుక తీసేసి
ఎడం తొడలోంచి కండ తెచ్చి కుట్టారు.
ఈ తీరంలో నా గొంతుకి సాటి లేదని
వయసులో తొడగొట్టి చెప్పేవాణ్ని.
ఆ తొడే ఇప్పుడు నోట్లోకొచ్చి కూర్చుంది
ఉలుకూ పలుకూ లేకుండా.
మూడో వారానికి దానిమీద వెంట్రుకలు మొలిచాయి.
"రేడియేషన్‌కి రాలిపోతాయిలే తాతా" అంది నర్సు.
నాకు యాభై మూడేళ్లే.

ముఖానికి అచ్చుపోసిన వల తొడిగి
బల్లకి బిగించేవారు.
ముప్పై మూడుసార్లు.
వలని ఇన్నేళ్లూ బయటినుంచే చూశాను.

పక్క మంచం కులెలెది.
లారీ నడిపేవాడు, కొండమీది పైవాన్ మనిషి.
పళ్ల మధ్య ఐస్‌పుల్లలు పేర్చుకుని
బిగుసుకుపోయిన దవడ తెరవాలి, పూటకి పదిసార్లు.
నాకు ఏడు పుల్లలు పట్టేవి, అతనికి నాలుగు.
పందెం కాసేవాళ్లం పలకమీద రాసుకుని.
ఓడినవాడు గెలిచినవాడి గొట్టంలో పాలు పొయ్యాలి.
రోజూ అతనే పోసేవాడు,
చెయ్యి వణికినా చుక్క కింద పడనిచ్చేవాడు కాదు.
ఒక సోమవారం ఆ మంచానికి కొత్త దుప్పటి వేశారు.
కిటికీలో నాలుగు పుల్లలు, రబ్బరు బ్యాండు చుట్టి.
వాటిని నా కట్టలో కలపలేదు.
కలిపినా నాకు పట్టవు.

బి-యున్ కొట్టు మూసెయ్యలేదు.
మూస్తే ఇంటి వాయిదాలు ఎవరు కడతారు?
రాత్రి కొట్టు నుంచి వచ్చి
చేతులు మూడుసార్లు సబ్బుతో తోముకుని
అప్పుడు నా గొట్టం ముట్టుకునేది.
అయినా గోళ్లలో సున్నం వాసన.
నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.
నమల్లేక మింగలేక అంటారే,
మా ఇంట్లో అది నా సంగతి కాదు,
ఆవిడది.

ఏడో నెలలో పాలచేప గంజి, మూడు చెంచాలు.
ఉప్పు ముందొచ్చింది.
తీపి ఇంకా దారిలో ఉందట.
ఉమ్మి ఊరదు గనక నడుముకి నీళ్ల సీసా.
మాటలు నేర్పే కువో అమ్మాయి
"నాలుగనండి, పదనండి, నలభైనాలుగనండి" అంటుంది.
అంటాను.
మూడూ ఒక్కలాగే ఉంటాయని
ఆ పిల్ల నవ్వాపుకోవడం తెలుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు రేవులో చేపల పొట్టలమీద
ఎర్రసిరాతో నంబర్లు వేస్తున్నాను.
మొన్న పాట పాడే త్సాయ్ కుర్రాడికి గొంతు పూడుకుపోయింది.
ఎవరో వెనకనుంచి నన్ను ముందుకి తోశారు.
గంట చేతికిచ్చారు.
రెండొందల కిలోల చేప, కన్ను ఇంకా తడిగా.
నేను నాలుగన్నాను.
"పదికి కొట్టెయ్!" అన్నాడు ముసలి హుంగ్.
పొరపాటున విన్నాడో,
నా మొహం చూసి అలా వినాలనుకున్నాడో.
పడవవాడు అప్పుడే దండం పెట్టేస్తున్నాడు.

గంట కింద పెట్టి
నాలుగు వేళ్లు ఎత్తి చూపించాను.
నేను నాలుక మడతేసే మనిషిని కాను.
ఆ సదుపాయం కోసేశారు.